లేమియు, పెచ్చును: కాన్సరు కణములలో రైబోసోముల కథ

శరీరమునుండి కోసి తీసిన చిన్న మాంసపు తునకను మైనములో బిగించి, పలుచని పొరలుగ తఱిగి, రంగులద్ది సూక్ష్మదర్శిని క్రింద నుంచి, ఇది కాన్సరా కాదా యని తీర్పు చెప్పవలసిన వైద్యుని కన్ను వెదకు గుర్తులలో ఒకటి, కణము నడుమనుండు కేంద్రకములో మఱింత గాఢముగ రంగు పట్టి కనబడు చుక్క. ఆ చుక్కకు కేంద్రకాంశమని పేరు. ఆరోగ్యముగల కణములలో అది సామాన్యముగ చిన్నదై యణగియుండును. పెక్కు కాన్సరు కణములలో ఉబ్బి, ఆకారము చెడి, ఒక్కొక్కప్పుడు రెండుగను మూడుగను కానవచ్చును. ప్రోస్టేటు గ్రంథి విషయమున నేటికిని ఈ ఉబ్బిన చుక్క రోగనిర్ణయమునకు ముఖ్యాధారములలో నొకటి. ఇటలీ దేశస్థుడైన జుసెప్పె పియనేసె యను వైద్యుడు 1896లోనే ఈ సంగతిని గుర్తించి వ్రాసెను. కాని ఆ చుక్కలో జరుగుచున్న పని యేమో తేటపడుటకు మఱి ఆఱు దశాబ్దములకు పైగా పట్టినది.

అందు జరుగునది రైబోసోముల నిర్మాణము. రైబోసోములనగా మాంసకృత్తులను కూర్చి యిచ్చు అతిసూక్ష్మ యంత్రములు. బాక్టీరియా మొదలు ఏనుగు వరకు, కణమన్నది యెచ్చట నున్నదో అచ్చటనెల్ల ఇవియు నున్నవి. విచ్చలవిడిగ పెరుగు కణమునకు మాంసకృత్తులు హెచ్చుగ కావలెను; అందులకు రైబోసోములు హెచ్చుగ కావలెను; అందుచేత వానిని నిర్మించు స్థానము ఉబ్బును. ఇంతవరకు చదువరికి చిక్కేమియు తోచదు.

చిక్కు మఱియొక దిక్కునుండి వచ్చినది. 1938లో అమెరికాలోని బోస్టను నగరమున లూయీ డైమండు, కెన్నెత్ బ్లాక్‌ఫాన్ అను ఇద్దరు శిశువైద్యులు, పుట్టిన కొలది మాసములకే పాలిపోయి, ఎముకల మూలుగలో ఎఱ్ఱకణములు తయారుగాక, రక్తమెక్కించిననేగాని ప్రాణము నిలువని కొందఱు పసిపిల్లల వ్యాధిని వర్ణించిరి. వారి పేర్లతోనే వ్యవహరింపబడుచున్న ఈ రక్తహీనతకు మూలము రైబోసోముల కొఱతయని అఱువదేండ్ల తరువాత తేలినది. రైబోసోములు చాలక కణములే పెరుగలేకున్న శరీరమున, పెరుగుదలయే స్వభావముగాగల కాన్సరుకు తావుండరాదు గదా! వాస్తవము దీనికి నేరుగ విరుద్ధము. ఈ వ్యాధితో పుట్టినవారికి కాన్సరు వచ్చు ప్రమాదము సామాన్య జనులకంటె దాదాపు ఐదురెట్లు అధికమని, ఉత్తర అమెరికాలో నిట్టి రోగుల పట్టికను చిరకాలము నడపిన వైద్యులు 2012లో ప్రకటించిరి. రక్తకాన్సరులు మాత్రమే కావు. పెద్దప్రేవు కాన్సరు, ఎముకల కాన్సరు కూడ ఆ లెక్కలో చేరియున్నవి.

మూలుగ వట్టిపోవు వ్యాధులు కొన్ని కాలక్రమమున రక్తకాన్సరుగ పరిణమించుట వైద్యులకు క్రొత్త సంగతి కాదు. విలియం డామెషెక్ అను రక్తవైద్య నిపుణుడు 1967లో దానిని పొడుపుకథగనే పేర్కొని తోడి వైద్యుల ముందుంచెను. కణములు పుట్టకపోవుట యెక్కడ, కణములు పోటెత్తుట యెక్కడ? మొదటిది రెండవదానికి పూర్వరంగమెట్లగును? ఆ పొడుపుకు పూర్తి విడుపు దొరకినదని చెప్పజాలము గాని, రైబోసోములకు సంబంధించినంత మట్టుకు ఒక సమాధానము రూపు కట్టినది. ఆ సమాధానమే ఈ వ్యాసమునకు విషయము.

యంత్రము, దాని పని

జన్యువులందలి సమాచారము డి.ఎన్.ఎ. రూపమున కేంద్రకములో భద్రముగ నుండును. అది గడప దాటి రాదు. కావలసిన భాగమునకు ఆర్.ఎన్.ఎ. రూపమున నకలు తయారై, ఆ నకలు వెలుపలికి వచ్చి రైబోసోమును చేరును. ఈ నకలును ఇకమీద సందేశమందము. రైబోసోము రెండు ఖండములుగ నుండును: చిన్న ఖండము సందేశమును పట్టుకొని మూడేసి యక్షరములుగ చదువును, పెద్ద ఖండము, ఆ చదివినదానికి సరిపోవు అమైనో ఆమ్లమును ముందున్న గొలుసుకు అతికించును. మన కణములలో ఈ పని సెకనుకు అయిదాఱు అమైనో ఆమ్లముల చొప్పున సాగును. గొలుసు పూర్తియై, ముడుచుకొని, తన ఆకారమును దాల్చినప్పుడు అది మాంసకృత్తు. కండరమును కదలించునది, రక్తములో ప్రాణవాయువును మోయునది, జీర్ణరసములలో పని చేయునది, కణము విభజన చెందవలెనా మానవలెనా యని నిర్ణయించునది, అన్నియు నిట్లే పుట్టినవి.

న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు సంస్థలో జార్జి పలాడె ఎలెక్ట్రాను సూక్ష్మదర్శినితో ఈ రేణువులను స్పష్టముగ చూచి 1955లో వర్ణించెను. రైబోసోమను పేరు వానికి 1958లో వచ్చినది. వాని లోపలి కట్టడము అణువు అణువుగ తెలియుటకు 2000వ సంవత్సరము వరకు ఆగవలసి వచ్చినది. ఆ కృషికి గాను చిదంబరమున జన్మించిన వెంకటరామన్ రామకృష్ణన్, తామస్ స్టైట్జ్, ఆదా యోనాత్ అను మువ్వురకు 2009లో రసాయన శాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. అప్పుడు తెలిసిన విశేషములలో నాకు మిక్కిలి యాశ్చర్యము గొలిపినది, అమైనో ఆమ్లములను అతికించు పనిని చేయునది రైబోసోములోని మాంసకృత్తులు కాక, దానిలోని ఆర్.ఎన్.ఎ.యే యని తేలుట. చుట్టునున్న మాంసకృత్తులు ఆ ఆర్.ఎన్.ఎ.ను తగిన వంపులలో నిలిపి యుంచును. కాని ఈ నిలిపియుంచు మాంసకృత్తులే మన కథలో మున్ముందు ప్రధాన పాత్రలు కానున్నవి.

వివరణ: ఒక రైబోసోము ఎట్లు తయారగును?

మానవ రైబోసోములో 4 ఆర్.ఎన్.ఎ. పోగులును, 80 మాంసకృత్తులును గలవు. ఆ నాలుగింటిలో మూడు, కేంద్రకాంశములో ఒకే పొడుగు పోగుగ పుట్టి, పిమ్మట కత్తిరింపబడి వేఱగును. 5ఎస్ అను చిన్నదగు నాల్గవది కేంద్రకాంశమునకు వెలుపల పుట్టి లోనికి వచ్చును. పొడుగు పోగుకు మూలమైన జన్యువు ఒకటి కాదు. 13, 14, 15, 21, 22 సంఖ్యలుగల క్రోమోసోములపై నూర్లకొలది ప్రతులుగ నున్నది. మాంసకృత్తులు కేంద్రకము వెలుపల, ఇతర రైబోసోముల చేతనే తయారై, లోనికి ప్రవేశించి, ఆర్.ఎన్.ఎ.తో కలిసి, రెండు ఖండములుగ ఏర్పడి, మరల వెలుపలికి వచ్చును. ఈ కూర్పునకు తోడ్పడి, పని తీరగనే తప్పుకొను సహాయక మాంసకృత్తులు రెండువందలకు పైగా గలవు. ప్రయోగశాలలలో పెంచు హీలా యను కాన్సరు కణమొక్కటి నిమిషమునకు సుమారు 7,500 ఖండములను తయారు చేయునని అంచనా; అనగా నిమిషమునకు మూడు లక్షల మాంసకృత్తులు కేంద్రకములోనికి పోవలెను.

పెచ్చు

కణము రెండుగ చీలుటకు ముందు తన సొత్తునంతయు రెండింతలు చేసికొనవలెను. ఆ సొత్తులో నీటిని విడిచినచో అధికభాగము మాంసకృత్తులే. మఱియు వానిని చేయు రైబోసోములును రెండింతలు కావలెను. కణములోని ఆర్.ఎన్.ఎ. యంతటిలో నూటికి ఎనుబది పాళ్లు రైబోసోములదే యన్నచో, ఈ వ్యయమెంతటిదో చదువరు లూహింపవచ్చును. ఇంత వ్యయమును ఆరోగ్యకరమగు కణము అదుపు లేక చేయదు. ఆహారము చాలినంత యున్నదని, పెరుగుమను ఆజ్ఞ వెలుపలినుండి వచ్చినదని రూఢియైన పిమ్మటనే కేంద్రకాంశము పనికి పూనుకొనును. కాన్సరు రాకుండ కాపాడువానిగ పేరొందిన మాంసకృత్తులు, పి53యును, రెటీనోబ్లాస్టోమా మాంసకృత్తును, ఈ పనిని అణచియుంచుటయు తమ విధులలో నొకటిగ కలవియై యున్నవి. అవి నశించినప్పుడు కేంద్రకాంశమునకు కళ్లెము సడలును.

కళ్లెము సడలించుటయే కాక, వెనుకనుండి అదలించువాడు మిక్ అను జన్యువు. ఆఫ్రికా ఖండపు పిల్లలలో దవడలు వాచు బర్కిట్ లింఫోమా మొదలుగ ఎన్నో కాన్సరులలో ఇది మితిమీరి పనిచేయుచుండును. రైబోసోము ఆర్.ఎన్.ఎ. పుట్టుక, దాని మాంసకృత్తుల పుట్టుక, కూర్పునకు తోడ్పడు సహాయకుల పుట్టుక, మూడింటిని మిక్ ఒక్కటే హెచ్చించును. ఐనను, రైబోసోముల పెచ్చు కాన్సరుకు కారణమా, లేక కాన్సరు వెంట నడచి వచ్చిన పరివారమా యను ప్రశ్న చాలకాలము తెగలేదు. ఉబ్బిన చుక్క కనబడుచున్నది, సరే. పెరుగు కణములో నది యుబ్బక మానునా, యని వాదించువారి మాట తీసివేయదగినది కాదు.

దీనికి మంచి సమాధానము 2008లో సాన్‌ఫ్రాన్సిస్కోనుండి వచ్చినది. మిక్ జన్యువును తెల్లకణములలో మితిమీరి పనిచేయునట్లు చేసిన చిట్టెలుకలకు లింఫోమా తప్పక వచ్చును. అట్టి యెలుకలను, పెద్ద ఖండములోని ఎల్24 అను ఒక మాంసకృత్తు జన్యువు రెండు ప్రతులలో నొకటి లోపించిన యెలుకలతో కలిపి, మోనికా బార్నా, డేవిడే రుగ్గేరో ప్రభృతులు సంతతిని పొందిరి. ఆ సంతతిలో మిక్ యథాప్రకారము రెచ్చిపోవుచునే యున్నది. కాని మాంసకృత్తుల ఉత్పత్తి మామూలు స్థాయిని దాటలేదు. లింఫోమాయు గణనీయముగ అణగిపోయినది. రాజు ఎంత గర్జించినను సేన కదలనిచో దండయాత్ర లేదు. కాబట్టి రైబోసోములు వట్టి పరివారము కావనియు, పెచ్చు పెరుగుదలకు అవసరమైన సాధనములనియు ఒప్పుకొనవలసి వచ్చినది.

పెచ్చు చేయు అపకారము మఱియొకటి గలదు; అది కొంచెము నిదానించి గ్రహింపదగినది. సందేశములన్నియు రైబోసోములను సమానముగ ఆకర్షింపవు. కొన్నింటి మొదలు సాఫీగ నుండి, రైబోసోము వచ్చిన వెంటనే పట్టు దొరకును. కొన్నింటి మొదలు మెలికలు పడి, ముడులు విప్పుకొనినగాని చదువుటకు వీలుపడదు. కణమును పెరుగుమనియు, చావవలదనియు చెప్పు మాంసకృత్తుల సందేశములు పెక్కు ఈ రెండవ జాతివి. సాధారణ దినములలో అవి వెనుకబడి యుండును. రైబోసోములును, వానికి ముడులు విప్పి యిచ్చు సహాయకులును సమృద్ధిగ నున్నప్పుడు వెనుకబడినవానికిని వంతు వచ్చును. మాంట్రియలులో నహూం సోనెన్‌బర్గు బృందము 1990లో అట్టి సహాయక మాంసకృత్తు నొక్కదానిని హెచ్చించి, ఆ మాత్రముననే మామూలు కణములు కాన్సరు లక్షణములు దాల్చుటను చూపెను. రైబోసోముల సంఖ్య మాఱినచో ఉత్పత్తి మొత్తము మాఱుటయే కాక, ఏ సందేశమునకు ఎంత వంతు అను నిష్పత్తియు మాఱునను నీ సంగతిని చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. లేమిని గూర్చి చెప్పునప్పుడు ఇదియే తలక్రిందులుగ మనకు మరల ఎదురగును.

లేమి

1999లో స్వీడను దేశపు ఉప్సాలా నగర శాస్త్రజ్ఞులు, డైమండు-బ్లాక్‌ఫాన్ రక్తహీనతగల కుటుంబములను పరిశోధించి, చిన్న ఖండములోని ఆర్.పి.ఎస్.19 అను మాంసకృత్తు జన్యువున దోషమును కనుగొనిరి. రోగులలో సుమారు నాల్గవ వంతుకు ఈ జన్యువే మూలము. తక్కినవారిలో పెక్కుమందికి రైబోసోములోని ఇతర మాంసకృత్తుల జన్యువులలో దోషములు వరుసగ బయటపడినవి. రెండు ప్రతులలో నొకటి మాత్రమే చెడినది. రెండవది చక్కగనే పనిచేయుచున్నది. కాని ఖండములోనికి ప్రతి మాంసకృత్తును ఒకటి చొప్పున చేరవలసినదే కనుక, ఒక్కటి కొఱవడినను ఆ ఖండముల లెక్క మొత్తము తగ్గిపోవును.

శరీరమునందలి కణములన్నింటిలో ఈ దోషమున్నను, దెబ్బ ఎఱ్ఱకణములకే ఏల తగిలెను? పెద్దవాని మూలుగలో సెకనుకు ఇరువది లక్షల ఎఱ్ఱకణములు తయారగుచుండును. వానికి జన్మనిచ్చు కణములు అతివేగముగ చీలుచు, అల్పకాలములో అపారముగ హీమోగ్లోబిను చేసికొనవలెను. వాని జీవితమును నడపు గాటా1 అను మాంసకృత్తు సందేశము, మనమిప్పుడే చెప్పుకొన్న మెలికపడిన జాతిలోనిది. రైబోసోములు తఱిగినప్పుడు మొట్టమొదట వంతు కోల్పోవునది అదియే యని బోస్టను పరిశోధకులు 2014లో చూపిరి. లేమి అందఱిని సమముగ బాధింపదు. బలహీనుల వంతును ముందు లాగుకొనును.

పుట్టుకతో కాక వయసు మీఱిన తరువాత వచ్చు లేమియు నొకటి కలదు. బెల్జియములోని లూవెను నగర వైద్యుడు హెర్మన్ వాన్ డెన్ బెర్గె 1974లో, వృద్ధులలో, విశేషించి వృద్ధస్త్రీలలో కనబడు ఒక విధమగు రక్తహీనతను వర్ణించెను. వారి మూలుగ కణములలో 5వ క్రోమోసోము పొడుగు భుజమున ఒక తునక విఱిగిపోయి యుండును. ఆ తునకలో డజన్లకొలది జన్యువులున్నవి. రక్తహీనతకు మూలమైనది ఏది యని ఒక్కొక్కదానిని అణచి చూడగా, 2008లో తేలినది ఆర్.పి.ఎస్.14 అను రైబోసోము మాంసకృత్తు జన్యువు. పసిబిడ్డ వ్యాధియు ముదుసలి వ్యాధియు ఒకే యింటి పేరు గలవై కూర్చున్నవి. ఈ వృద్ధుల వ్యాధియును కొందఱిలో రక్తకాన్సరుగ మాఱుట వైద్యులు ఎఱిగినదే.

పని లేని మేస్త్రీలు

లేమినుండి కాన్సరునకు దారి యెట్లు పడెనో తెలియవలెనన్నచో, పి53 కథను కొంత చెప్పక తప్పదు. 1979లో కనుగొనబడిన ఈ మాంసకృత్తు, కణమునకు ప్రమాదము కలిగినప్పుడు విభజనను నిలిపివేయును. చేటు తీఱనిదైనచో కణమును చావుమని శాసించును. మానవుల కాన్సరులలో దాదాపు సగమింటిలో దీని జన్యువు చెడియుండుటనుబట్టి దీని ప్రాముఖ్యము తెలియనగును. ఇంతటి ఉగ్రాధికారము ఊరక తిరుగాడుట క్షేమము కాదు, అందుచేత ఎం.డి.ఎం.2 అను మఱియొక మాంసకృత్తు, పి53 పుట్టిన కొలది నిమిషములలోనే దానిని పట్టి ధ్వంసమునకు పంపుచుండును. పి53 ఎప్పుడును పుట్టుచునే యుండును, ఎప్పుడును గిట్టుచునే యుండును. ఎం.డి.ఎం.2 చేయి ఆగినచో చాలు, త్వరలోనే పి53 పోగుపడును.

ఆ చేయిని ఆపువారిలో రైబోసోము మాంసకృత్తులున్నవనుటయే ఈ శతాబ్దారంభమున తెలియవచ్చిన విశేషము. ఇల్లు కట్టుచోట ఇటుకయో ఇసుకయో రాక పని నిలిచినప్పుడు, వచ్చిన మేస్త్రీలు చేతిలో తాపీలు పెట్టుకొని అరుగుమీద కూర్చుందురు. లోపలికి పోయి గోడలు కొలువనక్కఱలేదు, అరుగుమీది మేస్త్రీలను చూచినంతనే ఇంటియజమానికి పని ఆగినదని తెలిసిపోవును. కణములోను ఇట్లే. ఆర్.పి.ఎల్.5, ఆర్.పి.ఎల్.11 అను రెండు మాంసకృత్తులును, 5ఎస్ ఆర్.ఎన్.ఎ.యును ముందుగ ముగ్గురును జతకూడి, పిమ్మట పెద్ద ఖండములో తమ చోటున పోయి కూర్చుండును. ఇతర భాగములు కొఱవడి ఖండము కట్టుబడి నిలిచిపోయినచో, ఈ మువ్వురకు చోటు దొరకదు. అప్పుడు వారు ఎం.డి.ఎం.2ను పట్టుకొందురు. దాని చేయి ఆగును, పి53 పోగగును, కణవిభజన నిలుచును.

ఈ యేర్పాటు వట్టి అలంకారము కాదనియు, కాన్సరునుండి శరీరమును కాపాడు నిజమైన కావలి యనియు చూపిన ప్రయోగము ఉత్తర కరోలినాలో యాన్‌పింగ్ జాంగు బృందము చేసినది. ఎం.డి.ఎం.2లో ఒక్క అమైనో ఆమ్లమును మార్చి, దానిని ఆర్.పి.ఎల్.11 పట్టుకొనజాలకుండ చేసిన చిట్టెలుకలలో, మిక్ తెచ్చు లింఫోమా మఱింత త్వరగ విజృంభించినదని వారు 2010లో ప్రకటించిరి. పెచ్చును అణచుటకే ఏర్పడిన కావలి అన్నమాట. కాని అదే కావలి, పుట్టుకతో రైబోసోముల లేమిగలవాని మూలుగలో, ప్రమాదమేదియు లేకున్నను అహర్నిశము ఘోషించుచు, పెరుగవలసిన ఎఱ్ఱకణములను పెరుగనీయక చంపుచుండును.

లేమి పెచ్చుగ మాఱు ఘట్టము

ఇప్పుడు డామెషెక్ పొడుపు విడువబడు చోటికి వచ్చినాము. ఏండ్ల తరబడి పి53 ఒత్తిడి క్రింద మ్రగ్గుచున్న కణసమూహమును ఊహింపుడు. ఏ కణమును స్వేచ్ఛగ పెరుగలేదు. వానిలో నొక్కదానికి దైవికముగ పి53 జన్యువే చెడిపోయినదనుకొందము. ఆరోగ్యవంతుని మూలుగలో నట్టి కణమునకు తోటివారిపై గొప్ప ఆధిక్యమేమియు నుండకపోవచ్చును. ఇచ్చటనో, అందఱు బంధింపబడి యుండగా అది యొక్కటియే విముక్తమైనది. దాని సంతానమే అచిరకాలమున మూలుగనంతయు ఆక్రమించును. లేమి కాన్సరును సృష్టింపలేదు. కాన్సరు వైపు తిరుగు కణమునకు మాత్రమే లాభము కలుగు పరిస్థితిని సృష్టించినది. ఐదవ క్రోమోసోము తునక విఱిగిన వృద్ధులలో, పి53 జన్యువు చెడిన కణములు మూలుగలో ముందే చేరియున్నవారికి రక్తకాన్సరు ప్రమాదము హెచ్చని 2011లో తెలియవచ్చుట ఈ వివరణకు చక్కగ సరిపోవుచున్నది.

చేపలు కూడ సాక్ష్యమిచ్చినవి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో నాన్సీ హాప్కిన్స్ బృందము, ఒడలిపై చారలుగల జీబ్రాచేపలలో వేర్వేఱు జన్యువులను చెఱచి వందలకొలది వంశములను పెంచుచుండ, కాన్సరు ఎక్కువగ వచ్చు వంశములు పండ్రెండు కనబడినవి. ఏ మిక్ వంటి జన్యువో చెడియుండునని యెవరైనను అనుకొందురు. 2004లో వారు ప్రకటించినదానిని బట్టి, ఆ పండ్రెండింటిలో పదునొకొండు, ఒక్కొక్కటి ఒక్కొక్క రైబోసోము మాంసకృత్తు జన్యువున దోషముగలవి! ఆ చేపల కాన్సరు కణములలో పి53 జన్యువు చక్కగనే యున్నను, దాని మాంసకృత్తు మాత్రము తయారగుటలేదని నాలుగేండ్లకు తేలినది. ఎఱ్ఱకణములలో గాటా1కు పట్టిన గతియే చేపలలో పి53కు పట్టినట్లున్నది: మేస్త్రీలు అరుగెక్కినను వినిపించుకొను యజమాని లేడు.

ఇంకొక దారి గలదు. అందు చెడునది రైబోసోము సంఖ్య కాదు, స్వభావము. టి-కణములనబడు తెల్లకణముల రక్తకాన్సరు వచ్చిన పిల్లలలో నూటికి సుమారు ఎనమండ్రకు ఆర్.పి.ఎల్.10 అను మాంసకృత్తులో 98వ స్థానమున ఆర్జినీనుకు బదులు సెరీను వచ్చి చేరియుండుటను లూవెనులో కిమ్ డె కీర్స్‌మేకరు బృందము 2013లో కనుగొనెను. అదే మార్పును ఈస్టు కణములలో చేసి చూడగా, అవి మొదట మందగించినవి. కొంతకాలమునకు మఱియొక జన్యువులో మార్పు పొంది వేగము పుంజుకొన్నవి. కాని వాని రైబోసోములు బాగుపడలేదు, లోపముతోనే పనిచేయుచున్నవి. లేమి తీఱినది, వికారము మిగిలినది. అట్టి రైబోసోములు కణమును చావకుండ కాపాడు కొన్ని సందేశములను హెచ్చుగ చదువునని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

ఈ కడపటి మాటను పట్టుకొని, ప్రతి జాతి కణమునకును ప్రత్యేకమైన రైబోసోములు గలవనియు, కాన్సరుకు తనదైన రైబోసోము గలదనియు ఉత్సాహముగ చెప్పువారు నేడు తక్కువవారు కారు. ఆర్.పి.ఎల్.10 వంటి ఉదాహరణములను కాదనజాలము. కాని రైబోసోములు తఱిగినంత మాత్రముననే సందేశముల వంతులు తారుమాఱగునని తెలిసియుండగా, ప్రతి వింతకును ప్రత్యేక రైబోసోమును కల్పించుకొనుట అనవసరమని నా యభిప్రాయము. సరళమైన కారణము చాలని చోట కదా సంకీర్ణమైనదాని కొఱకు వెదకవలసినది.

పాత మందులు, క్రొత్త సంగతులు

రైబోసోములను గూర్చి యేమియు తెలియని దినములలోనే వైద్యులు వానిని దెబ్బతీయు మందులను వాడుచుండిరనుట ఈ చరిత్రలో ముచ్చటైన ఘట్టము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లె ప్రయోగశాలలలో తమ సహచరులతో ఫోలిక్ ఆమ్లమును, దానిని పోలియుండి దాని పనిని చెఱచు పదార్థములను తయారు చేయించిరి. అట్టివానిలో నొకటియగు అమినోప్టెరినుతో, రక్తకాన్సరు సోకిన పిల్లలలో వ్యాధి తాత్కాలికముగ వెనుకకు తగ్గుటను బోస్టనులో సిడ్నీ ఫార్బరు 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. దాని సోదరమగు మెతోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఫోలిక్ ఆమ్లము పని చెడినచో డి.ఎన్.ఎ. అక్షరములు తయారుగావు, కణము చీలదు: ఇది పాఠ్యపుస్తకముల వివరణ. కాని ఆర్.ఎన్.ఎ. అక్షరములును అచ్చటనే కొఱవడును, ఆర్.ఎన్.ఎ.లో సింహభాగము రైబోసోములది. మెతోట్రెక్సేటు కేంద్రకాంశములో రైబోసోము ఆర్.ఎన్.ఎ. పుట్టుకను ఆపునని జర్మను పరిశోధకులు 2010లో పెక్కు కాన్సరు మందులను వరుసగ పరీక్షించి తెలిపిరి.

ఆ వరుసలో ఇంకెన్నియో పాత పేర్లు గలవు. 1940లో మన్నులోని సూక్ష్మజీవినుండి వాక్స్‌మన్ అను శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో వెలికి వచ్చి, పిల్లల మూత్రపిండపు కాన్సరుకు వాడబడు ఆక్టినోమైసిను, స్వల్పమాత్రలో నిచ్చినచో తక్కిన పనులను అట్లే యుండనిచ్చి కేంద్రకాంశపు పనిని మాత్రము స్తంభింపజేయును. 1957లో డి.ఎన్.ఎ.కు గుఱిపెట్టి రూపొందించిన ఫ్లోరోయురాసిలు, ఆర్.ఎన్.ఎ.లో కూడ దొంగతనముగ చొరబడి పొడుగు పోగు కత్తిరింపును చెఱచును. అన్నిటికంటె విచిత్రమైనది ప్లాటినము మందుల సంగతి. సిస్‌ప్లాటిను, ఆక్సాలిప్లాటిను రెండును ప్లాటినము లోహముతో చేసినవే, రెండును డి.ఎన్.ఎ.కు అంటుకొనునవే, ఐనను మొదటిది వృషణముల కాన్సరులో పనిచేయును, రెండవది పెద్దప్రేవు కాన్సరులో పనిచేయును. ఒకే వంశపు మందులకు ఇంత భేదమేల? ఆక్సాలిప్లాటిను కణమును చంపునది డి.ఎన్.ఎ.ను గాయపఱచి కాదనియు, రైబోసోముల నిర్మాణమును భంగపఱచియే యనియు 2017లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థనుండి వచ్చిన పరిశోధన తెలిపెను.

అట్లైనచో, ఊరక తగిలిన దెబ్బలను విడిచి, కేంద్రకాంశమునకే గుఱిపెట్టిన మందును తయారు చేయరాదా? చేసిరి. సి.ఎక్స్.5461 అను పదార్థము పొడుగు పోగును తయారు చేయు ఎంజైమును ఆపుటకు ఉద్దేశింపబడినది. మిక్ రెచ్చిన లింఫోమా చిట్టెలుకలలో, పి53 చెక్కుచెదరక యున్నప్పుడు, అది కాన్సరు కణములను చంపి మామూలు కణములను చాలవఱకు విడిచిపెట్టినదని ఆస్ట్రేలియాలో రాస్ హానన్ బృందము 2012లో చూపెను. కారణము ఊహింపదగినదే: పెచ్చుగ కట్టుచున్నచోట పని హఠాత్తుగ ఆగినచో ఊరకుండు మేస్త్రీలును పెచ్చుగనే యుందురు. మెల్బోర్నులో రక్తకాన్సరు రోగులకు దీని నిచ్చి చూచిన ఫలితములు 2019లో వెలువడినవి. మందు కేంద్రకాంశమును అణచిన మాట నిజమే. కొందఱి వ్యాధి కొంతకాలము నిలుకడగ నున్నది. ఈలోగ దీనికి వేఱొక గుణము బయటపడినది: ఇది డి.ఎన్.ఎ.ను కూడ కొన్నిచోట్ల చిక్కుపఱచుననియు, ఆ చిక్కులను విప్పుకొను శక్తి లేని కణములను, అనగా రొమ్ము, అండాశయ కాన్సరులలో చెడు బి.ఆర్.సి.ఎ. జన్యువులు లోపించినవానిని, విశేషముగ చంపుననియు తెలిసినది. రైబోసోముల కొఱకు పుట్టిన మందును ఇప్పుడు అట్టి రోగులలో పరీక్షించుచున్నారు. దానిని పుచ్చుకొన్నవారిలో పలువురికి చర్మము ఎండకు తాళలేకపోవుట ముఖ్యమైన ఇబ్బందిగ తేలుటచే, మోతాదును ఎంతవఱకు పెంచవచ్చునను లెక్కను ఇప్పుడు కాన్సరు కంటె ఎండయే ఎక్కువగ నిర్ణయించుచున్నది.